గేటు గది

రాజాం హాల్లో మొన్న సూసిన సినిమాకి
ఒకటే గది.
రెండు గంటలూ కెమెరా గడప దాటనేదు.
ఇంటర్వెల్‌కే సగం మంది లేచిపోనారు,
పాట నేదు, ఫైటు నేదు,
కొండైనా సూపించడేటని.

నాను కదల్నేదు.
గోడకి సున్నం ఎక్కడ పెచ్చులూడిందో
ఏ కుర్చీకి కాలు పొట్టో
అప్పటికే కంఠతా వొచ్చేసింది.
ఒకడు గ్లాసు ఇటునుంచి అటు పెట్టాడా,
గుండె జల్లుమన్నాది.
ఊర్లు తిరిగే సినిమాలో
గ్లాసునెవుడు సూస్తాడు?

సిగడాం గేటుకాడ పదారేళ్ళు నాకు.
ఎనిమిదడుగుల గది, ఫోను, రెండు జెండాలు,
ఎర్రది ఎండకి గులాబీ అయిపోనాది.
"ఏటి సూసినావురా బతుకులో"
అంటాడు మా తోడల్లుడు గవరయ్య.

తెల్లారగట్ల నాలుగింటి గూడ్సుకి గేటేస్తే
చేపల తట్టతో ఒకామె ఆగేది.
మొదటేడు తిట్టింది.
మూడో ఏడు మంచినీళ్ళడిగింది.
ఆ మీదట అడక్కుండానే ముంచుకునేది.
పేరు నానడగనేదు.
నిరుడు వానలకాడ నుంచి
రావట్నేదు.

ఆమె బోర్లించిన గ్లాసు
కిటికీ గట్టునే ఉంది.
రైలెల్లినప్పుడల్లా
ఓ గింజంత జరుగుతాది.
డ్యూటీ దిగేముందు
ఎనక్కి జరిపి ఎల్తాను.