పదకొండు

పదకొండు కుట్టడం సులువు.
రెండు నిట్ట పట్టీలు, అంతే.
ఎనిమిదయితే వంపుకాడ గుడ్డ ముడత పడతాది,
మూడయితే నోరు తెరిచినట్టుంటాది.
పదకొండు మాత్రం
పక్కపక్కనే నిలబడి
ఒకరినొకరు తాకని ఇద్దరు మనుషులు.

ఇరవై ఏళ్ళు గజేంద్ర వీపుకి
నేనే కుట్టినా.

నిన్న సందేళ దొరస్వామి వచ్చినాడు,
సంతపేట జట్టు సెక్రటరీ,
చంకలో అట్టపెట్టె, బుగ్గలో వక్క.
"బాషా బాయ్, గజా ఆఖరి చొక్కాయి.
చెమట మరక పోకుండా ఉతికించి
అద్దాల పటం కట్టించాల.
ఇంక పదకొండు ఎవురికీ ఇయ్యం. కమిటీ తీర్మానం."

ఇయ్యకూడదు, నిజమే.
వేలూరోళ్ళ మీద ఆ ఆఖరి కూత
చూసినోళ్ళకి తెలుసు.
భుజం జారిపోయి, పుత్తూరు కట్టు కట్టించుకొని,
కోడిగుడ్డు సొన, ఆకుపసరు వాసనతో
బరిలోకి దిగినాడు.
ఐదుగురు మీదపడి కాళ్ళు పట్టుకుంటే
మోచేతులతో పాకినాడు గీతదాకా.
కూత తెగలా.
నేను ఈల వేసి వేసి
రెండు దినాలు గొంతు పోగొట్టుకున్నా.

ఇంకో లెక్క ఉండాది నా కాడ.

దేశమ్మ మొదట తెచ్చింది ఆకుపచ్చ జాకెట్టు.
"గొళ్ళెం తగిలి చినిగిందన్నా" అనింది.
మేకో గొళ్ళెమో తగిలితే
గుడ్డ మూలగా చీలతాది.
చెయ్యి లాగితే
కుట్టు వెంబడి విచ్చుకుంటాది.
నాకు తెలీదా?
పది రూపాయలు తీసుకున్నా.
ఆ పొద్దే మాపటేళ
మునిసిపల్ గ్రౌండులో ముందు వరసలో కూర్చున్నా.

తరవాత ఎరుపుది, మళ్ళీ ఆకుపచ్చది,
ఒక దీపావళికి కొత్తదే.
దుడ్లు తీసుకోవడం మానేసినా,
అదేదో పుణ్యమని.

ఊపిరి బిగబట్టి కూత పెడితే పాయింటు.
ఊపిరి బిగబట్టి గోడకానుకున్నదానికి
అంపైరు యాడున్నాడు?
వీధిలో అందరం
లైను బయట కూర్చున్న ఆటగాళ్ళం.

ఈ పొద్దు వచ్చింది దేశమ్మ.
పటం తెర తీసేది ఆమేనంట, శాలువా కూడా ఉందంట.
కొత్త గుడ్డ బల్లమీద పెట్టి
"చేతులు మోచేతి కిందిదాకా పెట్టన్నా" అనింది.
ఈ ఎండల్లో ఎందుకని నేనడగలా.
దండెం మీద ఆరతా ఉన్న చొక్కాయిని చూసింది.
అంచు పట్టుకొని కుట్టు తిప్పి చూసింది.
"సబ్బు జాస్తి పెట్టినారు. రంగు పోతాది దీనికి."
ఇరవై ఏళ్ళు ఉతికిన చెయ్యి.
అందులో ఏముందో, ప్రేమో ఎగతాళో
వట్టి అలవాటో,
నేను తేల్చుకునేలోపల
మెట్లు దిగిపోయింది.

మధ్యాన్నం గ్రీమ్స్‌పేట ఆడపిల్లలు,
ఈ ఏడే పెట్టిన జట్టు,
పన్నెండు చొక్కాయిలు పడేసి పోయినారు.
హేమశ్రీ అని సన్నటి పిల్ల, మోకాలిమీద తాజా గీరుడు,
"నాకు పదకొండు తాతా, నా రోల్ నంబరు" అనింది.
గజేంద్ర ఎవురో తెలీదు ఆ పిల్లకి.
ఆ నంబరు ఇంక లేదని ఎట్ల చెప్పేది?
ఉంది కదా, పది తరవాత.
చాక్‌పీసుతో వీపుమీద రెండు గీతలు గీసుకున్నా.

మాపటేళ దొరస్వామిని ఒకటే అడిగినా:
"పటానికి రెండు పక్కలా అద్దం పెట్టిస్తే ఎట్లుంటాది?"
నవ్వినాడు. "వెనకపక్క ఏం చూస్తారు బాయ్,
దారం ముళ్ళు తప్ప?"

ఆ ముళ్ళు వేసింది నేనే.

కరెంటు పోయింది. కాలితో తొక్కే మిషను నాది,
కరెంటుతో పని లేదు.
అయినా చేతులు ఆడలా.
రేప్పొద్దున బడికి ముందే వస్తానని
చెప్పిపోయింది ఆ పిల్ల.
నీలం గుడ్డమీద రెండు తెల్ల గీతలు
దులపలా,
ఇంకా కుట్టలా.