వాపసు తొవ్వ

రాణిగంజ్ బస్సు డిపో ఎనుక సందుల నా దుకాణం.
ఆటో ఎలక్ట్రికల్స్ అని రాసున్న బోర్డుకే
బల్బు పోయి రెండేండ్లాయె.

ఆషాఢం ముసురు.
పొద్దుగాల పదింటికి ఒక ముసలి బండి వచ్చి ఆగింది.
దాని ఎనుక కొక్కేనికి తగిలించిన తెల్లరేకుల గది,
రెండు చక్రాల మీద ఇల్లు,
కిటికీకి పూల పరద.
దిగినామె పేరు విద్యుల్లత.
నవ్వు ఆపుకున్న. ఆమెనే నవ్వింది.
"పేర్ల ఉన్నంత బండిల లేదు, జర చూడుండ్రి."

ఎడమ ఇండికేటర్ ఏస్తె
ఎనుక దీపాలన్ని వెలవెల పోతున్నయి.
బ్రేకు తొక్కితె ఇండికేటర్ సగం కన్ను కొడుతున్నది.
రాత్రి నిలబెడితె పొద్దుటికి బ్యాటరీ పీనుగ.
రివర్సు పెడితె చాలు
సెన్సర్ ఒకటే ఏడుపు.
బాలానగర్‌ల టోబార్ బిగించినంకనే మొదలాయె ఇదంత.
"ఐతారం లక్నవరం పోవాలె," అన్నది.
"ఎంతమంది?"
"నేను."

గోనెసంచి పరిచి కిందికి దూరిన.
వెల్డింగు ముత్యాల వరుస,
పైన నిగనిగ నల్ల రంగు.
ఇనుము తెలిసినోడే.
తీగ తెలిసినోడు కాడు.

మా ఉస్తాద్ గౌసుద్దీన్ సాబ్ అంటుండె:
పహెలే అలగ్ కరో, ఫిర్ పూఛో.
ముందు విడదియ్యి, అటెనుక అడుగు.
ప్లగ్గు పీకిన.
ఒక్క బండికే ఇండికేటర్ ఏసిన.
టక్కు టక్కు టక్కు, పంతులు లెక్క.
అయితె తప్పు గదిదే అనుకున్న.
దాని దీపాలు ఊడదీసి, వానల అరగంట నానిన.
వేరే బ్యాటరీ తెచ్చి తగిలిస్తె
అది కూడ ముద్దుగ వెలిగింది.

వేరువేరుగ ఇద్దరు మంచోళ్లే మేడం,
కలిస్తెనే లొల్లి.
"మా కోర్టుల గూడ గిదే రాసిన్రు," అన్నది,
పరద సర్దుకుంట.
నేను స్క్రూడ్రైవర్ ఎతుక్కున్న,
చేతిలనే ఉన్నది.

సాకెట్ ఇప్పిన. ఏడు తీగలు.
కరెంటు పోవుడు అందరు చూస్తరు,
వాపసు వచ్చుడు ఎవ్వరు చూడరు.
మీటర్ ముల్లు ఒకటి బ్యాటరీ మైనస్ మీద,
ఇంకోటి తెల్ల తీగ మొన మీద.
సున్న రావాలె.
రెండున్నర వచ్చింది.
రెండున్నర వోల్టులు ఇల్లు చేరలేక
ఆడనే నిలబడ్డయి,
పక్కింటి బల్బుల నుంచి దూరి
తొవ్వ ఎతుక్కుంటున్నయి.

బోల్టు ఇప్పిన. కింద అదే నల్ల రంగు.
గాయన అందంగ పూసి, ఆరినంక,
దాని మీద ఎర్తు బిగించిండు.
ఇసుక కాగితంతోని గీకిన,
ఇనుము తెల్లగ నవ్విందాక.

బ్యాటరీ సంగతి వేరే.
ఒక్కొక్క ఫ్యూజు పీకుకుంట పోయిన.
తొమ్మిదో దానికి ముల్లు పడిపోయింది.
గదిల చిన్న ఫ్రిజ్జు,
ఇంజను బంద్ అయినా తాగుతనే ఉన్నది.
"దాంట్ల ఏమున్నయి?"
"పాలు. గిన్నెడు పెరుగు."
రిలే ఏసిన.
ఇగ ఇంజను ఉన్నప్పుడే దానికి బువ్వ.

సెన్సర్ మిగిలింది.
మీటర్ పెట్టిన, తీగలు తడిమిన,
దాంట్ల ఏ రోగం లేదు.
ఎనుక ఇనుము ఉన్నది,
ఉన్నదని చెప్తున్నది, గంతే.
"బంద్ చేసే స్విచ్చి పెట్టమంటరా?"
జర సేపు వానను చూసింది.
"ఒద్దు. చెప్పనీయి."

పన్నెండు వందలు అన్న. గీసులాడలేదు.
ఒక నిమ్మకాయ పచ్చడి సీసా సుత ఇచ్చింది.
రోడ్డు మీదికొచ్చి నిలబడి చూసిన.
ఎడమ ఇండికేటర్ ఏసింది.
బండిది, గదిది,
ఒక్కసారే ఎలిగి, ఒక్కసారే ఆరి,
తడిసిన డాంబరు మీద నారింజ తొనలు.
ఎనుక సిటీ బస్సోడు హారన్ మీద చెయ్యి తియ్యలేదు.

ఎడమ చూపించి
కుడి దిక్కు మళ్లింది.

అది వైరింగుల తప్పు కాదు.