ఎనిమిది వందల డిగ్రీల దగ్గర

కొలిమి తలుపు బిగించి
గడియారం చూసుకుంది రుఫీనా వఖీతొవా.
పీటర్స్‌బర్గ్‌లో జూన్ రాత్రి, పదకొండు దాటింది.
కిటికీ అవతల వెలుతురు పోనంటోంది
బల్లమీద దీపం ఊరికే మర్యాదకి వెలుగుతోంది.

పింగాణీ గిన్నెలో చిటికెడు పొడి.
కంటికి సున్నం, వేలికి మైదా.
ఒక్కో రేణువూ చుట్టిన చాప
తలవెంట్రుకలో వెయ్యోవంతు లావు.
మెగ్నీషియం పొర ఒకటి, సిలికా పొర ఒకటి
కొలతలు కుదరలేదు, విడాకులూ కుదరలేదు
ఆ పొసగనితనమే నడుము వంచి
చుట్టచుట్టుకుపోయింది.
తన కాపురం గుర్తొచ్చి నవ్వుకుంటుంది
ఎవరూ లేనప్పుడు.

ఈ రాయి ఆమెకి కొత్త కాదు.
ఉరల్ కొండల్లో గనికి వెళ్ళి
నాన్న ఇంటికి తెచ్చిన దుమ్ములో ఉండేది,
దాని పీచుతో నేసిన ఆయన చేతితొడుగులో ఉండేది.
చుట్టాలొస్తే చాలు, తొడుగుని పొయ్యిలోకి విసిరేవాడు:
"చూడండి, నిప్పు దీన్ని ఏం చేస్తుందో!"
ఏం చెయ్యలేదు. మాసినది తెల్లగా వచ్చింది. చప్పట్లు.
ఎన్నో చలికాలాల తర్వాత ఓ సాయంత్రం
దులిపితే
చూపుడువేలు ఊడి నేలమీద పడింది
చప్పుడు లేకుండా, పిండిలా.
నాన్న దగ్గాడు. ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

పక్కగదిలో స్వ్యతొస్లావ్ చేసేదీ అదే, ఓపిగ్గా.
గాడి మీద గొట్టాన్ని అడ్డంగా పరుస్తాడు
కాలవమీద దుంగలా,
నడిమధ్యన సూదిమొనతో నొక్కుతాడు.
కాల్చనిది వంగి, లేస్తుంది.
నాలుగొందల దగ్గర
అంటుకున్న చెమ్మ పోయి కాస్త బిర్రబిగుస్తుంది.
ఏడొందలకి
ఎముకలో ఎముకైన నీరే ఆవిరై లేచిపోతుంది
తడి కాదు అది, తడిమినా తెలియనిది.
గొట్టం గొట్టంలాగే ఉంటుంది, లోపల ఆసరా ఉండదు.
ఎనిమిది వందలు దాటాక
ఆ ఒంట్లోనే మరో ఖనిజం మేలుకుంటుంది.
పేరు మారుతుంది. ఆకారం మారదు.
సూదికి లొంగదు. లొంగాల్సొస్తే
విరుగుతుంది.

ఇనుమైతే కాల్చి సాగగొట్టొచ్చు,
బంగారమైతే పుటం పెట్టొచ్చు.
ఈ రాతికి ఎవరూ సామెత మిగల్చలేదు.

తెల్లారిందో లేదో తెలియని వేళ
గుమ్మంలో నిలబడి అడుగుతున్నాడు:
"రుఫీనా మన్సూరొవ్నా, గట్టిపడిందా, చితికిందా?
ఒక్కమాటలో చెప్పండి, రిపోర్టు పంపాలి."

"ఎంత వేడి దగ్గర అడుగుతున్నావు, నాయనా?"

కొలిమి తెరవాలి.
తోలు తొడుగులే ఇవి.
అయినా, తొడుక్కునే ముందు
వేళ్ళు లెక్కపెట్టుకుంటుంది.