తిరగడానికి పట్టే బరువు

వారధి దాటగానే మొదలయ్యేది.
ముల్లు యాభై మీద నిలబడితే చాలు,
వెనక సీటు కింద ఎవరో
నోరు మూసుకుని ఏడుస్తున్నట్టు.
మంగళగిరి బేరం ఎక్కినాయన
"టైరేమో చూసుకో" అని దిగిపోయేవాడు.
టైరు కాదు. నాకు తెలుసు.
కాలు తీస్తే ఆగుతుంది, తొక్కితే మొదలు.
అది పీనియన్ బేరింగు.

ఆటోనగర్లో చెప్పిన రేటుకి
రెండు నెలల ఇంటద్దె పోతుంది.
అందుకని రాణిగారితోటలో, మా రేకుల వసారా ముందు,
అంబాసిడర్ని సిమెంటు దిమ్మల మీదికెక్కించాను.

బిళ్ళ విప్పితే నూనె కారింది
చెరుకు మడ్డిలా, నల్లగా,
అందులో సన్నటి వెండి రజను.
ఇన్నేళ్ళ గుంటూరు ట్రిప్పులూ
అరిగి అరిగి ఆ తళుకైనట్టున్నాయి.

పీనియన్ని రాత్రి ఫ్రీజర్లో పెట్టాను,
పొత్తిగుడ్డల్లో చుట్టినట్టు చుట్టి,
పాల ప్యాకెట్ల పక్కన.
తెల్లారి తలుపు తీసిన సువార్త
చాలాసేపు దాన్నే చూసి
"పేరు కూడా పెట్టావా?" అంది.
కొత్త బేరింగుని తన గారెల మూకుట్లో
కాగే నూనెలో వేసినప్పుడు మాత్రం
ఏమీ అనలేదు.
ఆ అనకపోవడం ఆటోనగర్ రేటు కంటే ఎక్కువ.

చలికి ముడుచుకున్నది ఒకటి,
వేడికి విచ్చుకున్నది ఒకటి.
పది లెక్కపెట్టేలోపు కలపాలి.
జారింది.
ఠక్.
ఇక విడదీయాలంటే ప్రెస్సు కావాలి.

అసలు కష్టం ఆ తర్వాత.
నట్టు బిగిస్తే లోపలి గొట్టం నలగాలి,
కొంచెమే నలగాలి.
వదులైతే మళ్ళీ ఏడుపు, బిగువైతే మాడిపోతుంది.
ఎంత బరువుకి తిరగాలో పుస్తకంలో ఉంది.
దాన్ని కొలిచే రెంచీ నా దగ్గర లేదు.

పక్కింటి నూకరత్నం దగ్గర స్ప్రింగు కాటా ఉంది.
చేపల కాటా. కొక్కేనికి ఇంకా పొలుసు అంటుకునే ఉంది.
"ఏం తూస్తావు?"
"తిరగడాన్ని."
నవ్వలేదు. కొంగు బొడ్లో దోపుకుని
ముక్కాలిపీట లాక్కుని కూర్చుంది.
"నువ్వు బిగించు. నేను లాగుతా."

ఫ్లాంజికి చుట్టిన తాడు మెల్లగా విప్పుకుంటోంది.
ముల్లు ఒక్కసారి ఎగిరింది, నాలుగు అన్నాను.
"అది కాదు," అంది, "కొరమేను తన్నుకునేటప్పుడు చూడకూడదు.
మొదటి గుంజుడు అబద్ధం.
సాగేటప్పుడు చూడు."
సాగేటప్పుడు ఒకటిన్నర.
రెండున్నర కావాలి.
నాకు తొందర. పానాకి పైపు తొడిగి
ఒక్క పట్టు పట్టాను.
ఆరు.

"కొంచెం వదులు చెయ్యి మరి."
"కుదరదు. నలిగిన గొట్టం మళ్ళీ లేవదు."
నూకరత్నం నా వైపు చూడలేదు,
కాటా కొక్కెం తుడుచుకుంది.
"రేపు ఆదివారం. పొద్దున నాకిది కావాలి.
సరుకు అయిపోయాక వస్తా. నువ్వు కొత్తది తెచ్చుంచు."

పదకొండున్నరకి వచ్చింది, చేతులకి ఇంకా తడి ఆరలేదు.
ఈసారి పైపు ముట్టుకోలేదు.
వేలెడు తిప్పడం, ఆగడం, ఆమె లాగడం.
ఇంకా.
ఇంకా.
కాస్త.
"చాలు" అంది.
నా చెయ్యి ఇంకొంచెం అనుకుంటోంది.
ఆపాను.

కిరాయేం వద్దంది. ఓసారి కూర్చోబెట్టుకు తిప్పమంది.
క్రౌను బిగించి, ఇరుసులు దూర్చి, కొత్త నూనె పోసేసరికి సాయంత్రమైంది.
వెనక సీట్లో నూకరత్నం, పక్కన ఖాళీ బుట్ట.
ముందు సువార్త, మాట్లాడకుండా,
అంటే పూర్తిగా మాట్లాడకుండా కాదు,
మూకుడు గురించి.

వారధి మీద కృష్ణ గాలి.
నలభై. యాభై. అరవై.
నూకరత్నం సీటుకి చెవి ఆనించి
చాలాసేపు వింది.
"ఏదీ, ఏం వినపట్లేదే" అంది,
కాస్త నిరాశగా.