కరి కురి

విడపనకల్లు దాటితే అంతా నల్లరేగడే.
శనగ కోసేసిన చేను.
మూడు రాత్రులు మంద నిలిపితే
ఒక బస్తా జొన్నలిస్తానన్నాడు రైతు.

వల చుట్టూ పాతినాం.
మూడువందల పన్నెండు గొర్రెలు
ఒకదాని ఊపిరి మీద ఒకటి తల పెట్టి పండుకున్నాయి.
ఫోను లైటు కింద నేను గ్రూప్ టూ పుస్తకం తెరిచినాను.
హాల్‌టికెట్‌లో నా పేరు కురుబ మాళవ్వ,
సెంటరు అనంతపురం,
ఇంకా పదకొండు రోజులు.

"గట్టిగా సదువు మే, నాకు నిద్ర రాకుండా ఉంటాది"
అన్నాడు మా నాయన కరియన్న కంబళిలోంచి.

సదివినాను.
తుర్కుమానుల తెగ, పేరు కరా కోయున్లు.
కరా అంటే నలుపు, కోయున్ అంటే గొర్రె.
నల్లగొర్రెలోళ్ళ రాజ్యం.

నాయన లేచి కూర్చున్నాడు.
"కరి కురి"
అన్నాడు, మా జేజి కన్నడంలో మందను పిలిచినట్టు.
"మనోళ్ళేనా?"
కాదు నాయనా, ఊరికే మాట కలిసింది.
"మాట ఊరికే యాడ కలుస్తాది!"

వాన్ అనే ఉప్పుచెరువు పక్కన మొదలైనారు.
ఎండాకాలం కొండమీది గడ్డికి,
చలికాలం పల్లానికి.
గుడారంతో పాటు మడిచి
ఒంటె మీద ఏసుకునే రాజ్యం.
తైమూరు వస్తే చెదిరిపోయి, ఆయన పోతే మళ్ళీ కూడి
తబ్రీజు గెలిచినారు, బాగ్దాదు గెలిచినారు.

"గొర్రెలెన్ని?"
రాయలేదు.
"గుర్రాలు?"
ఉండాయంటని రాసినారు.
"ఊ" అన్నాడు. బీడీ ముట్టించినాడు.

ఆఖరి పెద్దరాజు పద్యాలు కట్టేవాడంట,
ఆయన కాలంలోనే తబ్రీజులో నీలం పలకల మసీదు లేచింది.
"మరి మేతకు ఎవరు పోయిరి?"
అదీ రాయలేదు.

వాళ్ళకు పగోళ్ళు ఇంకొక తెగ, తెల్లగొర్రెలోళ్ళు.
దగ్గు వచ్చేదాకా నవ్వినాడు నాయన.
వల లోపలికి బీడీ చూపించినాడు,
అక్కడ ఒక తెల్లది
ఒక నల్లదాని వీపు మీద దవడ ఆనించి
నెమరేస్తా ఉండాది.

తెల్లగొర్రెలోళ్ళ మీదికి దండు పోయినాడు రాజు.
చలి ముదిరింది.
సిపాయిలను ఇండ్లకు పంపేసినాడు.
కొద్దిమందితో గుడారాల్లో ఉన్నప్పుడు
మీద పడినారు.

ఈసారి నాయన నవ్వలేదు.
పుల్లతో నిప్పు కెలికినాడు.
"చలికాలం తోడేలు చూసేది మందను కాదు మే,
కాపరి కంబళిని.
కదులుతాందా లేదా అని."

ఏడాదో రెండేడ్లో, అంతే, రాజ్యం లేదు.
తర్వాత తెల్లగొర్రెలోళ్ళూ పోయినారు,
ఎర్రటోపీలోళ్ళ చేతిలో.
పుస్తకంలో రెండు వాక్యాలు. వస్తే ఒక మార్కు.

ఆ తెగ నెత్తురే ఒకడు దేశాలు దాటి
దక్కనుకు వచ్చి గోలకొండ ఏలినాడు.
వందేండ్లు దాటినాక
ఆ గోలకొండ ఫిరంగులే గండికోటకు ఎక్కినాయి
అని చెప్తే
నాయన తూర్పు చీకట్లోకి చూసినాడు.
ఒక ఎండాకాలం ఆ కోట కింద మేపినాడు ఆయన.
"బురుజు నీడ బాగుంటాది," అన్నాడు,
"పదిన్నర దాకా."

నడిరేయి ఒక గొర్రె ఈనింది.
నేను లైటు పట్టినాను.
ఆయన పిల్ల మూతి మీది జిగురు తుడిచి
ముక్కులోకి ఊదినాడు.
నల్లదో తెల్లదో
ఆ వెలుతుర్లో తెలియలేదు.
"మూడువందల పదమూడు. రాసుకో."
కాగితం యాడుంది?
తబ్రీజు పక్కనే, అంచు మీద రాసినాను.

రేపటికి యాడికి పోవాలో తెలియదు.
పోయినేడు మేపిన గుట్టకు
సోలారోళ్ళు ఇనుపకంచె ఏసినారు.
ఆ మాట ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

కంబళి మళ్ళా తలమీదికి లాక్కుంటా
"ఆ ప్రశ్న వస్తాదా?" అన్నాడు.
రావచ్చు నాయనా.
"వస్తే తప్పు పెట్టాకు.
మనోళ్ళు కాకపోయినా."