బల్లార్షాలో సెమీఫైనల్

పదకొండు మందికి ఆరు గ్లవ్వులు.
అందుల ఒకటి ఎడమచేతి వాళ్ళది,
ఎడమచేతి వాళ్ళెవరూ లేరు మాల.
బ్యాట్లు రెండు. ఒకదాని పిడికి సైకిల్ ట్యూబు చుట్టి ఉన్నది.
నేను పన్నెండోదాన్ని. నా చేతిల స్కోరు పుస్తకం.

మందమర్రిల తెల్లారకముందే ప్యాసింజరెక్కినం.
నైట్ షిఫ్ట్ దిగిన మా నాయన
మొఖం గూడ కడగకుంట ఉరికొచ్చి
కిటికీలకెల్లి జొన్నరొట్టెల మూట అందిచ్చిండు.
మూట మీద నాలుగు నల్లటి వేళ్ళు.
కాగజ్‌నగర్‌ల ఒక ముసలాయన మా సంచి తడిమి
"కట్టెలేంది బిడ్డా, కొట్లాటకా?" అన్నడు.
"బేస్‌బాల్ తాతా."
"గదేంది?"
చెప్పుకుంట చెప్పుకుంట మాకుడి దాటినం.
ఆయనకు క్రికెట్ అనే అర్థమైంది.

విరూర్ స్టేషన్ బోర్డు మీద మన అక్షరాలు లేవు.
ఓదెలు సార్ ఫోన్ టింగుమన్నది:
మహారాష్ట్రకు స్వాగతం.
రవళి కాళ్ళు పైకి ముడుచుకున్నది,
గీత దాటేటప్పుడు నేల తగలొద్దన్నట్టు.
వార్ధా నది మీద అందరం రూపాయి బిళ్ళ కోసం వెతికినం,
ఒక్కటే దొరికింది. పన్నెండు మొక్కులకు అదే.

బల్లార్షా ఊరంతా కాగితం మిల్లు వాసన,
ఉడికిన క్యాబేజీ మీద మూత తీసినట్టు.

సెమీఫైనల్ ఆ ఊరి పిల్లలతోనే.
ఓదెలు సార్ మాకు సైగలు నేర్పలే.
"ఎందుకే? తెలుగుల అరుద్దాం, మరాఠోళ్ళకేం తెలుస్తది."
మూడో బేస్ పక్కన నిలబడి గొంతు చించుకున్నడు:
"సంఘవీ, మెల్లగ తాకియ్యి!"
బంతి నేల పడకముందే క్యాచర్ ముందుకు దుంకింది.
"రవళీ, ఇప్పుడు దొంగిలియ్యి!"
రవళి కంటే ముందే రెండో బేస్‌ల బంతి కూసున్నది.
నేను రాసిన: రెండు–నాలుగు, ఔట్.
మళ్ళా రెండు–నాలుగు.
టైం బాగలేదనుకున్నం.
సార్ టోపీ వెనక్కి తిప్పి పెట్టుకున్నడు.

ఆ క్యాచర్ పొట్టిది, గుండ్రటి మొఖం.
"తట్టమూతి దానికి వెనక గూడ కండ్లున్నయే!"
బెంచి మీదికెల్లి అరిచింది ఎవరో కాదు, నేనే.
ఆమె మాస్కు ఎత్తింది, నీళ్ళు పుక్కిలిచ్చి ఉమ్మింది,
మళ్ళా దించుకున్నది.
ఆమె వీపు మీది హిందీ అక్షరాలు కూడబలుక్కున్న:
గ... ద్దం... వార్.

వార్ తీసేస్తే అది మా ఇంటిపేరు.
అప్పుడన్న నాకు తట్టలే.

ఆరో ఇన్నింగ్స్. సంఘవి మూడో బేస్ నుంచి ఉరికింది,
దుమ్ముల జారింది, మడమ మెలివడ్డది.
"అవ్వో!"
క్యాచర్ ముందు బంతి తాకిచ్చింది.
అంపైర్ చెయ్యి లేచేదాక చూసింది.
అప్పుడు మాస్కు ఇసిరేసి మోకాళ్ళ మీద కూలబడి
"కదిలియ్యకు చెల్లె. ఏడ నొస్తున్నది? గీడనా?"

మా బెంచి మీద ఊపిరి లేదు.
సార్ ఏదో అరవబోయి నోరు మూసుకున్నడు.
ఐదు–మూడు. ఓడిపోయినం.

రాత్రి మేం పండుకున్న బడికి వచ్చింది,
సున్నం పసుపు కలిపిన గిన్నెతోని.
"మా అమ్మ పంపింది."
సంఘవి మడమకు పట్టు వేసుకుంట
తల ఎత్తకుంటనే అడిగింది:
"తట్టమూతి అన్నదెవలు?"
రవళి కిసుక్కుమన్నది. ఎవలూ చెప్పలే.
నేను స్కోరు పుస్తకంల గీతలు సరిచేస్తున్న,
అప్పటికే సరిగ్గ ఉన్న గీతలు.
"మా నాయనమ్మ గూడ గట్లనే పిలుస్తది" అని
చేతులు కడుక్కొని పోయింది.

తిరుగు రైల్ల సార్‌కు ఒకటే పని.
టోపీ ముట్టుకుంటే మెల్లగ తాకియ్యాలె.
చెవి ముట్టుకుంటే దొంగిలియ్యాలె.
మోచెయ్యి అంటే ఆగాలె.
పదకొండు మంది చేతులు, మాటల్లేకుంట, మాకుడి దాక.
"సార్," అన్న, "తప్పయిందనడానికి ఏది?"
ఆయన శానసేపు టోపీ తిప్పుకుంట కూసున్నడు.
"ఆటల గది ఉండదే" అన్నడు.

పుస్తకంల ఆమె గడిల ఏడో నెంబరని మాత్రమే ఉన్నది.
పెన్ను తీసి పక్కన పేరు రాసిన,
మన అక్షరాలల్ల. రైలు ఊగి కొంచెం వంకరొచ్చింది.
వార్‌తో సహా.