పద్నాలుగేళ్ల మోకాలు

బంగారుపాళెం. అండర్ ఫోర్టీన్ కబడ్డీ సెమీఫైనల్
ఒక్క పాయింటుతో పోయింది.
మునెప్పని బెంచీ మీంచి లేపలేదు నేను.

"వాణ్ణి దించుంటే రేపు ఫైనల్లో ఉండేటోళ్లం గదా సార్!"
మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో లోడు దించి
నేరుగా వచ్చినాడు వాళ్ల నాయన,
చొక్కా నిండా తోతాపురి వాసన.

నా నోటుబుక్కులో స్కోర్లుండవు.
ఎవడు తినకుండా వచ్చినాడు,
ఎవడి కాళ్లకు వాళ్లన్న బూట్లు,
ఎవడికి ఆధార్‌లో రెండేళ్లు తగ్గినాయి.
మునెప్ప పేరు ముందర పెన్సిల్‌తో:
ఎడమ మోకాలు, మూడు వారాలు.

వ్యాన్లో పిలకాయలంతా నిద్రపోయినాక
వెనక సీట్లోంచి గొంతు:
"సార్, ఇంక వారమే గదా?"

రెండు, అన్నాను.
చీకట్లో వేళ్లు మడిచి లెక్కేసుకున్నాడు.
ఎక్కడో తప్పిందేమో,
మళ్లీ చిటికెనవేలి నుంచి మొదలుపెట్టినాడు.